వరి మొవ్వులో నివాసం

అనంతగిరి కొండలలో పుట్టిన మూసీ నది హైదరాబాదు నగరం గుండా ప్రవహించి, నాగోల్ వంతెన దాటి తూర్పుగా సాగుతుంది. ఆ దిగువ ప్రాంతాలైన పీర్జాదిగూడ, ప్రతాపసింగారం పరిసరాలలో రైతులు మూసీ నీటితో వరి పండించారు. వరి ఉన్న చోట తప్పక కనిపించే చిన్న జీవి ఒకటున్నది. అదే మొగి పురుగు. వ్యవసాయ శాస్త్రజ్ఞులు దీనిని కాండం తొలిచే పురుగు అంటారు.

దీని రెక్కల పురుగు పాలిపోయిన ఎండుగడ్డి రంగులో ఉంటుంది. ఆడపురుగు ముందు రెక్కలు రెండింటి మీద ఒక్కొక్క నల్లచుక్క ఉంటుంది. అది పగలు పైరులో దాగి, రాత్రి దీపాల వద్దకు చేరుతుంది. ఆహారం తీసుకోకుండా కొద్దిరోజులే జీవించి, వరి ఆకుల కొనల వద్ద గుడ్లను గుంపుగా పెట్టి, వాటిని నూగుతో కప్పుతుంది.

గుడ్ల నుండి వెలువడిన పిల్ల పురుగులలో కొన్ని సన్నని దారాల సాయంతో గాలిలో తేలి ఇతర దుబ్బులకు చేరుతాయి. కాండంలోకి తొలుచుకొనిపోయి లోపలి భాగాన్ని తింటాయి. పిలకల దశలో మొవ్వు ఎండిపోతుంది. ఈనిక దశలో గింజ పాలుపోసుకోక తెల్లకంకి వస్తుంది. కోతకు సిద్ధమని ఆశించిన రైతుకు చేతికి దక్కేది తాలు మాత్రమే.

కాండం లోపలి పురుగుకు పైన చల్లిన మందు సులభంగా అందదు. పైగా ఆ మందు పురుగు గుడ్లను నాశనం చేసే ట్రైకోగ్రామా వంటి మిత్రకీటకాలను చంపుతుంది. అందువలన నారు కొనలు తుంచి నాటడం, లింగాకర్షక బుట్టలు పెట్టడం, కోత తరువాత కొయ్యకాళ్లను కలియదున్నడం మేలైన పద్ధతులు. హైదరాబాదులోని రాజేంద్రనగర్‌లో 1965 నుండి వరి పరిశోధన సాగుతున్నది.

నాగోల్‌కు 2017లో మెట్రో రైలు వచ్చింది. నగరం విస్తరించిన కొద్దీ మళ్లు తరుగుతాయి. వరి లేని చోట మొగి పురుగుకూ చోటు లేదు. అయితే దానిని రైతు విజయంగా భావించరాదు. అక్కడ పురుగుతో పాటు పైరు కూడా పోయింది.

అర్థాలు: మొవ్వు = మొక్క నడిమి లేత ఆకు; తాలు = గింజలేని పొల్లు; నూగు = సన్నని రోమం

ప్రశ్నలు
1. తెల్లకంకి ఎందువలన ఏర్పడుతుంది?
2. మొగి పురుగు నివారణ పద్ధతులను వివరించండి.