పలకల సీమలో శ్రామికునికి వైద్యము, గృహము
(పంచాయతీ సభ్యులకు పాఠము)

మార్కాపురము పేరు వినగానే మన పెద్దలకు చిన్ననాడు అక్షరములు దిద్దుకొన్న పలక జ్ఞప్తికి వచ్చును. నల్లమల కొండలకు తూర్పున గల ఈ నేల అడుగున పొరలు పొరలుగా విడివడు రాయి కలదు. తరతరములుగా ఆ రాయి ఎన్నో కుటుంబములకు అన్నము పెట్టినది. కాగితపు పుస్తకములు, ప్లాస్టిక్ పలకలు వచ్చిన పిమ్మట బడి పలకకు గిరాకీ తగ్గినది. ఆ రాయియే నేడు నేల పరుపునకు, గోడల అలంకరణకు, ఇండ్ల కప్పులకు ఉపయోగపడుచు విదేశములకును పోవుచున్నది. ఇతరుల ఇండ్లకు రాయి కోయు శ్రామికుడు తన ఇంటిని పూర్తి చేసికొనలేకపోవుటకు కారణమేమి? ఈ నెల పాఠమున దీనినే పరిశీలింతము.

ఒక కుటుంబపు లెక్క

ఉదాహరణకు ఒక కుటుంబమును తీసికొందము. భర్త పలకల ఫ్యాక్టరీలో రాయి కోయును. నెలకు రు. 12,000 వచ్చును. భార్య వ్యవసాయపు కూలికి పోవును. వీరికి ప్రభుత్వ గృహము మంజూరైనది. పునాది ముగిసి, గోడలు కిటికీ మట్టమునకు లేచినవి. అంతలో భర్తకు పొడిదగ్గు పట్టినది, పిమ్మట ఆయాసము. ఒక వైద్యుని నుండి మరియొక వైద్యుని వద్దకు, మార్కాపురము నుండి ఒంగోలునకు, అచటి నుండి గుంటూరునకు తిరుగుటలో రు. 50,000 అప్పు చేసిరి. నూటికి మూడు రూపాయల వడ్డీ అనగా నెలకు రు. 1,500, సంవత్సరమునకు రు. 18,000. అసలులో ఒక్క రూపాయియు తీరలేదు. ఇంటి కొరకు కొన్న ఇనుము అమ్ముడుపోయినది. కప్పు లేని గోడలు వానకు తడియుచున్నవి.

కార్యాలయములలో వైద్యమునకు ఒక దస్త్రము, గృహమునకు వేరొక దస్త్రము ఉండవచ్చును. శ్రామికుని ఇంట డబ్బు పెట్టె ఒక్కటే. ఒక వైపు చిల్లు పడినచో రెండవ వైపు నిలువదు. కావున ఈ రెండింటిని కలిపి చూచుట పంచాయతీ నేర్వవలసిన మొదటి విషయము.

ఆసుపత్రికి చేరకముందు

2007 ఏప్రిల్ 1 న మహబూబ్‌నగర్, అనంతపురము, శ్రీకాకుళము జిల్లాలలో ఆరంభమైన ఆరోగ్యశ్రీ పథకము నేడు మన రాష్ట్రమున డాక్టర్ ఎన్.టి.ఆర్. వైద్యసేవ అను పేర సాగుచున్నది. శస్త్రచికిత్సలు, ఆసుపత్రిలో చేర్చుకొని చేయు చికిత్సల విషయమున ఇది పేదలకు గొప్ప అండ. అయినను గ్రామసభలలో మేము దీనిని గూర్చి చెప్పినపుడు, "అయ్యా, చేరిన తరువాత ఖర్చు లేదన్నారు సరే, చేరకముందు తిరిగిన ఖర్చు మాటేమిటి?" అని ప్రజలు అడుగుదురు. న్యాయమైన ప్రశ్న. పై కుటుంబము అప్పులపాలైనది ఆ తిరుగుటలోనే. ప్రచారము చేయు మేమును పథకముల పేర్లను గోడల మీద వ్రాయించుటపై చూపిన శ్రద్ధను, రోగము రాక మునుపు చేయదగిన పనులను చెప్పుటపై చూపలేదని ఒప్పుకొనవలెను.

దుమ్మును గూర్చి

పలకరాయిలో ఇసుకకు మూలమైన సిలికా కలదు. పొడి రాతిని రంపముతో కోసినపుడు లేచు దుమ్ములో కంటికి కనబడనంత సన్నని కణములు ఊపిరితిత్తులలో చేరి అచట మచ్చలు కట్టించును. ఈ వ్యాధికి సిలికోసిస్ అని పేరు. సాధారణముగా పది సంవత్సరములో, అంతకు మించియో పనిచేసిన పిమ్మట ఇది బయటపడును. దీనిని నయము చేయు మందు లేదు. పైగా ఈ వ్యాధి గలవారికి క్షయ సులభముగా సోకును. రెండింటికిని దగ్గు, ఆయాసము, బరువు తగ్గుట సామాన్య లక్షణములగుటచే సిలికోసిస్‌ను క్షయగా పొరబడుటయు కలదు. వైద్యునితో "నేను రాయి కోయుదును, ఇన్ని సంవత్సరములుగా కోయుచున్నాను" అని రోగి తప్పక చెప్పవలెను. ఆ ఒక్క మాట అనేక ప్రయాణములను తప్పింపగలదు.

మధ్యప్రదేశ్‌లోని మంద్‌సౌర్ ప్రాంతమున పలక బలపముల పరిశ్రమలో ఈ వ్యాధి అనేకులను బలిగొన్నది. రాజస్థాన్ ప్రభుత్వము 2019 లో దీనికై ప్రత్యేక విధానమును ప్రకటించి, వ్యాధి ధ్రువపడినవారికి రు. 3 లక్షలు, మరణించినచో కుటుంబమునకు రు. 2 లక్షలు ఇచ్చుటకు ఏర్పాటు గావించినది. అయితే పరిహారము ఊపిరిని తిరిగి తేజాలదు. రంపము మీద నీటిధార పడునట్లు చేసినచో దుమ్ము చాలవరకు లేవదు. దుమ్మును లాగివేయు యంత్రము, తగిన ముసుగు దానికి తోడుగా ఉండవలెను. ముఖమునకు తువ్వాలు చుట్టుకొనుట చాలదు. పని బట్టలతో ఇంటిలోనికి వచ్చి బిడ్డను ఎత్తుకొనరాదు.

నీటిని గూర్చి

ఫ్లోరైడు నీటి వలన ఎముకలు వంగి బిగుసుకొనిపోవు వ్యాధిని మన దేశమున వైద్యులు మొదట 1937 లో వర్ణించినది నాటి నెల్లూరు జిల్లాలోనే. ఆ జిల్లాలోని పొదిలి, దర్శి, కనిగిరి తాలూకాలు 1970 లో ఏర్పడిన ఒంగోలు జిల్లాలో చేరినవి. ఆ జిల్లాయే 1972 లో ప్రకాశం జిల్లా అయినది. లీటరు నీటిలో ఫ్లోరైడు 1.5 మిల్లీగ్రాములను మించరాదు. నీటిని కాచినచో సూక్ష్మజీవులు చచ్చును గాని ఫ్లోరైడు పోదు. నీరు ఆవిరియైన కొలది దాని పాలు పెరుగును. కావున ప్రతి బోరు నీటిని పరీక్ష చేయించి, త్రాగదగనిచో ఎఱ్ఱ రంగు వేయింపవలెను. కీళ్ల నొప్పుల మాత్రలకు ఏటేట పోవు సొమ్ము ఇట్లు మిగులును.

పని చేసినట్లు ఆధారము

ఇ.ఎస్.ఐ. బీమా 1948 నాటి చట్టముతో ఆరంభమైనది. 2025 నవంబరు 21 న అమలులోనికి వచ్చిన సామాజిక భద్రతా స్మృతిలో ఇప్పుడు భాగమైనది. పదిమంది లేక అంతకు మించి పనిచేయు సంస్థలకు ఇది వర్తించును. 2019 జూలైలో నిర్ణయించిన రేట్ల చొప్పున కార్మికుడు జీతములో నూటికి 75 పైసలు, యజమాని నూటికి రు. 3.25 చెల్లింపవలెను. మన ఉదాహరణలోని శ్రామికునికి ఇది నెలకు రు. 90, యజమానికి రు. 390. రెండును కలిపి రు. 480. అప్పుకు కట్టు నెల వడ్డీ రు. 1,500 అని మరువరాదు. ఈ బీమా గలవానికి కుటుంబముతో సహా వైద్యము, జబ్బు దినములకు జీతములో కొంత భాగము, వృత్తి వలన వచ్చిన వ్యాధికి భృతి లభించును.

బీమా పరిధిలోనికి రానివారికి వృత్తి వ్యాధుల నిమిత్తము యజమాని చెల్లింపవలసిన పరిహారపు నిబంధనలు వేరుగా కలవు. అయితే హాజరు పట్టీలో పేరు, జీతపు చీటీ లేనివాడు తాను ఎచట పనిచేసినదియు నిరూపించుకొనలేడు. రోగము బయటపడునప్పటికి ఫ్యాక్టరీ చేతులు మారియుండవచ్చును. కావున జీతపు చీటీని ఇంటి పట్టాతో సమానముగా భద్రపరచుకొనవలెనని చెప్పుడు.

ఇంటిని గూర్చి

గృహనిర్మాణపు సొమ్ము పని సాగిన కొలది విడతలుగా వచ్చును. ఒక మట్టము ముగియనిదే తరువాతి విడత రాదు. పేదవాడు ఆగిపోవునది ఇచటనే. పది ఇండ్లవారు కలసి సిమెంటు, ఇనుము ఒకేసారి కొన్నచో ధర తగ్గును. రవాణా ఖర్చు పంచుకొనబడును. నేల పరుపునకు స్థానికపు రాయి చౌకగా దొరకును. పొదుపు సంఘము ద్వారా నూటికి రూపాయి వడ్డీకి రు. 50,000 లభించినచో నెలకు రు. 500 చాలును, సంవత్సరమునకు రు. 12,000 మిగులును. స్థలములను చూపునపుడు రాయి కోయు షెడ్ల గాలి వీచు వైపున చూపరాదు. వంటగది వేరుగను, ఎదురెదురు కిటికీలు తప్పకను ఉండవలెను.

పంచాయతీ చేయవలసినవి

రాజ్యాంగపు పదునొకండవ షెడ్యూలులోని 29 విషయములలో గ్రామ గృహవసతి, త్రాగునీరు, ఆరోగ్యము, పారిశుద్ధ్యము చేరియున్నవి. కావున ఇవి మనకు సంబంధింపని పనులని త్రోసివేయరాదు.

1. రాయి పని చేయువారందరి పేర్లు, పనిచేసిన సంవత్సరములు, పనిచేసిన స్థలము ఒక పుస్తకమున వ్రాయింపుడు.
2. ఏడాదికొకసారి వారికి ఛాతీ పరీక్ష జరుగునట్లు ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు వైద్యాధికారిని కోరుడు. క్షయ ధ్రువపడినచో చికిత్స ఉచితము. పోషణకై నెలకు ఇచ్చు సొమ్ము 2024 నవంబరు నుండి రు. 1,000 అయినది.
3. నీటి పరీక్షల ఫలితములను పంచాయతీ గోడపై వ్రాయింపుడు.
4. సగములో ఆగిన ఇండ్ల జాబితాను, ఆగుటకు గల కారణముతో సహా, గ్రామసభలో చదువుడు.

నాలుగవ జాబితాను మొదటి పుస్తకముతో సరిపోల్చి చూడుడు. ఏ ఇంట దగ్గు ఆరంభమైనదో, ఏ ఇంటి గోడలు ఆగిపోయినవో రెండును కలసియున్న చోటులు కనబడును. తదుపరి సమావేశమున మొదట మాట్లాడవలసినది ఆ ఇండ్లను గూర్చియే.