నల్లజీడి: అడవి చెట్టు, ఇంటి గింజ

వేసవిలో శ్రీశైలం వెళ్ళేవారు దోర్నాల దాటి ఘాటు రోడ్డు ఎక్కగానే అడవి మోడుబారి ఉండడం చూసే ఉంటారు. ఆ చెట్లు చచ్చిపోలేదు. నల్లమల ఆకురాల్చు అడవి. టేకు, నల్లమద్ది, ఏగిస, తునికి వంటి చెట్లు, వేళ్ళకు నీరందని నెలల్లో ఉన్న తడి ఆకుల గుండా పోకుండా ఆకు రాల్చి, తొలకరికి మళ్ళీ చిగురిస్తాయి. 1983 నుండి ఇది పులుల రక్షిత ప్రాంతం. 2014 విభజన తరువాత కృష్ణకు ఆవలి భాగం తెలంగాణకు వెళ్ళింది.

ఆ అడవి చెట్లలో ఒకదాని గురించి ఈసారి చెప్పదలచుకున్నాము. దాని గింజ పచారీ కొట్ల ద్వారా మన ఇళ్ళకు వస్తుంది. దానితో కాలిన పుండ్లు మా వార్డుకు వస్తాయి.

అదే నల్లజీడి. పెద్ద పెద్ద ఆకులు, నారింజ రంగు కండగల తొడిమ, దాని కొసన నల్లని గింజ. పూర్వం చాకలివారు బట్టలకు గుర్తు పెట్టింది ఈ గింజ రసంతోనే. ఎన్ని ఉతుకులకూ పోదు. అదే రసం చర్మానికి తగిలితే ఒకటి రెండు రోజుల్లో దురద, వాపు, బొబ్బలు వస్తాయి.

మన వేటపాలెం వారికి ఇది కొత్త కాదు. పోర్చుగీసువారు బ్రెజిల్ నుండి తెచ్చిన జీడిమామిడి కూడా ఈ కుటుంబపు చెట్టే. జీడిగింజలు కొట్టే అక్కచెల్లెళ్ళను అడగండి, పెంకు నూనె చేతులను ఏం చేస్తుందో చెబుతారు. మామిడికాయ సొనకు కొందరికి మూతి పొక్కేది కూడా ఈ చుట్టరికం వల్లనే.

ఆ మధ్య ఒక పెద్దావిడ మడమ నొప్పికి ఎవరో చెప్పారని నల్లజీడి కాల్చి చుక్కలు పెట్టించుకున్నారు. ఆమెకు షుగరు. పాదాలకు స్పర్శ తక్కువ కాబట్టి కాలినట్టే తెలియలేదు. కోడలు చూసేసరికి మడమంతా పుండు. "చెట్టుమందే కదమ్మా, ఏం చేస్తుందిలే అనుకున్నా" అన్నారు. మూడు నెలలు కట్లు కట్టాము. ఆయుర్వేద వైద్యులు సైతం ఈ గింజను శుద్ధి చేయకుండా వాడరు. షుగరు ఉన్నవారు పాదాలకు దీనిని అసలు తాకనివ్వకండి.

రసం తగిలిన వెంటనే సబ్బుతో, ధారాళమైన నీటితో కడగండి. ఆ బట్టలు విడిగా ఉతకండి. బొబ్బలు చిదపవద్దు, పసరు పూయవద్దు. బొబ్బలోని నీరు ఇతరులకు అంటదు, భయం లేదు. దిష్టికని పసిపిల్లల దగ్గర ఈ గింజ కాల్చకండి, పొగ కళ్ళకూ ఊపిరితిత్తులకూ చెరుపు. ముఖం వాచినా, ఆయాసం వచ్చినా రాత్రయినా సరే ఆసుపత్రికి రండి. గింజ మిగిలి ఉంటే కాగితంలో చుట్టి తెచ్చి చూపండి, చేత్తో మాత్రం పట్టుకోకండి.