విశ్వవిద్యాలయమున చేరు విద్యార్థి – అద్దె యిల్లు

పాఠశాల విడిచి పైచదువులకై పట్టణమునకు పోవు బాలబాలికలు మొట్టమొదట నేర్వవలసిన పాఠము ఏ పాఠ్యపుస్తకమునందును లేదు. అది తలదాచుకొనుటకు చోటు వెదకుకొనుట. పూర్వము పేదపిల్లలు వారములు చేసికొని, దినమునకొక యింట భుజించి, అరుగులమీద పండుకొని చదువుకొనిరి. ఇప్పుడు విశ్వవిద్యాలయములకు వసతిగృహములు కలవు. 1926వ సంవత్సరమున బెజవాడలో స్థాపింపబడి, 1930లో వాల్తేరు చేరిన ఆంధ్ర విశ్వవిద్యాలయమునందును అట్టివి కలవు. కాని వానియందు చోటు దొరకనివారు చినవాల్తేరు, పెదవాల్తేరు, మద్దిలపాలెము వీథులలో టూలెట్ బోర్డులు చూచుకొనుచు తిరుగవలసినదే. అట్లు తిరిగి మేము చేసిన తప్పులను మీరు చేయకుండుటకై యీ వ్యాసమును వ్రాయుచున్నాము.

2014వ సంవత్సరము జూలై మాసమున మేము నలుగురము స్నేహితులము వాల్తేరులో మూడు దినములు ఇల్లు వెదకితిమి. కొందరు గృహస్థులు బ్యాచిలర్లకు ఇయ్యమని తలుపు వేసికొనిరి. కొందరు మా కులమును, మా తిండిని అడిగి ఊరకుండిరి. నాలుగవ దినమున ఒక మేడమీద, సిమెంటు రేకుల కప్పుగల రెండు గదుల పోర్షను దొరకెను. అద్దె నెలకు 4,000 రూపాయలు. అడ్వాన్సు రెండు నెలలది, 8,000 రూపాయలు. కిటికీ తెరచినచో సముద్రము కనబడుచుండెను. మేము సముద్రమును చూచితిమి గాని పైనున్న రేకులను చూడలేదు. తలకు 2,000 రూపాయలు చొప్పున వేసికొని, రశీదైనను అడుగక, సొమ్మును యజమానుని చేతిలో పెట్టితిమి. మాలో ఒకని వంతు, అతని తల్లి మెడలోని గొలుసు తాకట్టు పెట్టగా వచ్చిన సొమ్ము.

అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమువద్ద తీరము దాటెను. ఆ గాలికి మా రేకులు ఒకటొకటిగా లేచిపోయెను. పుస్తకములు, నోట్సులు, పక్కబట్టలు తడిసి ముద్దయ్యెను. క్రింది వాటావారు మమ్ము లోనికి పిలిచి, తమకున్న అన్నములోనే మాకును పెట్టిరి. కొన్ని దినములు పట్టణమున కరెంటును లేదు, కుళాయి నీరును లేదు. పిమ్మట మేము అడ్వాన్సు తిరిగి యిమ్మని యడుగగా యజమానుడు, “రేకులు వేయించుటకే ఆ సొమ్ము చాలదు. అయినను మీరిచ్చినట్లు కాగితమేది, నాయనలారా?” అనెను. ఆయనను నిందించుట మా యుద్దేశము కాదు. ఆయనకును నష్టమే కలిగినది. కాని ఆ ప్రశ్నకు మావద్ద జవాబు లేకపోయెను. ముగ్గురము ఎట్లో మరియొక యింట చేరితిమి. గొలుసు తాకట్టు పెట్టించిన మిత్రుడు రెండవ అడ్వాన్సు తేలేక తన గ్రామమునకు పోయెను. అతని చదువు అంతటితో ఆగెను.

ఇందుండి మేము నేర్చిన సంగతులు నాలుగు.

మొదటిది తోడు. ఇల్లు వెదకుటకు ముందే తోడివారందరు ఒకచోట కూర్చుండి మాటలాడుకొనవలెను. ఎవరెంత ఇయ్యగలరు? నడుమ ఒకరు విడిచిపోయినచో వారి వంతు ఎవరు భరింతురు? ఒకరికి కష్టము వచ్చినచో తక్కినవారేమి చేయుదురు? సిగ్గుపడి ఈ మాటలు దాటవేసినవారు పిమ్మట చిక్కులలో పడుదురు. నెలనెలా తలకు కొంత సొమ్ము ఉమ్మడిగా దాచుకొనుట మేలు. మేము నలుగురము జూలై మొదలుకొని తలకు 200 రూపాయలు చొప్పున మూడు నెలలు దాచియున్నచో తుపాను నాటికి 2,400 రూపాయలు నిలువ యుండెడివి. మా మిత్రునికి కావలసినది 2,000 రూపాయలే. ఈ చిన్న లెక్క మాలో ఎవరికిని తోచలేదు.

రెండవది ఇల్లు. మొదట కప్పును చూడవలెను. రేకులైనచో అవి ఎట్లు బిగింపబడినవో అడుగవలెను. గోడలమీది చెమ్మ మరకలను వెదకవలెను. క్రొత్త సున్నము పాత మరకలను కప్పిపుచ్చునని మరువరాదు. కుళాయి త్రిప్పి చూచి, నీరు ఏ వేళకు ఎంతసేపు వచ్చునో, వేసవిలో ఎట్లుండునో తెలిసికొనవలెను. ఈ సంగతి యజమానునికంటె అచ్చట కాపురమున్నవారు చక్కగా చెప్పగలరు. కరెంటు మీటరు వేరుగా నున్నదో లేదో చూడవలెను. యూనిట్లు హెచ్చినకొలది రేటును హెచ్చును గనుక, రెండు వాటాలకు ఒకే మీటరైనచో ఇరువురకును భారమగును. సముద్రపు గాలికి ఇనుము త్వరగా తుప్పుపట్టును. కిటికీ చువ్వలను, తలుపు గడియలను చేతితో కదిల్చి చూడవలెను. ఇంటిని పగలొకసారి, రాత్రి యొకసారి చూచుట యుక్తము. ముఖ్యముగా విద్యార్థినులు, వీథిలో దీపములు వెలుగుచున్నవో లేదో, తమ గదికి వేరు దారియు గట్టి తాళమును కలవో లేవో విచారింపవలెను.

మూడవది కాగితము. సొమ్మిచ్చుటకు ముందే ఒప్పందము వ్రాయించుకొనవలెను. పదకొండు నెలలకు వ్రాయుట వాడుకగా నున్నది. అద్దె ఎంత, అడ్వాన్సు ఎంత, అది ఎప్పుడు తిరిగి వచ్చును, సున్నమునకును మరమ్మతులకును ఎవరు బాధ్యులు, ఎన్ని దినములు ముందుగా చెప్పి ఖాళీ చేయవలెను అను సంగతులు అందుండవలెను. సొమ్మును బ్యాంకుద్వారా గాని ఫోనుద్వారా గాని పంపినచో జాడ నిలుచును. చేతికిచ్చినచో రశీదు పుచ్చుకొనవలెను. చేరిన దినముననే మీటరు అంకెను వ్రాసికొని, గోడలకును తలుపులకును ఫొటోలు తీసి యుంచుకొనవలెను.

1882వ సంవత్సరపు ఆస్తి బదిలీ చట్టములో 108వ సెక్షను కలదు. అగ్నివలన గాని, తుపానువలన గాని, వరదవలన గాని అద్దెకిచ్చిన ఆస్తిలో ముఖ్యభాగము పూర్తిగా నశించినచో, లేక శాశ్వతముగా పనికిరాకుండ పోయినచో, విరుద్ధమైన ఒప్పందము లేనప్పుడు, అద్దెదారు కోరినయెడల ఆ కౌలు రద్దగునని అందు చెప్పబడినది. తుపాను పేరు చట్టములోనే యున్నదని తెలిసి మేము ఆశ్చర్యపడితిమి. కాని ఆ నియమము మా రేకుల గదికి వర్తించునో లేదో వాదించుటకైనను, మేమచ్చట అద్దెకుంటిమనుటకు మొదట ఆధారము కావలెను గదా! కేంద్రప్రభుత్వము 2021లో ఆమోదించిన నమూనా అద్దె చట్టము నివాసగృహముల అడ్వాన్సు రెండు నెలల అద్దెకు మించరాదని చెప్పుచున్నది. అయితే అది నమూనా మాత్రమే. రాష్ట్రములు తమ శాసనముగా చేసికొన్నగాని అమలులోనికి రాదు. కావున చట్టము మనలను కాపాడునని ఊరకుండక, మన కాగితమును మనమే భద్రపరచుకొనవలెను.

నాలుగవది నడవడి. అద్దె తేదీ తప్పకుండ చెల్లించుట, రాత్రి వేళ కేకలు వేయకుండుట, తీసికొన్న యింటిని తీసికొన్నట్లే అప్పగించుట మన విధులు. విద్యార్థులకు ఇల్లియ్యమను గృహస్థులందరును కారణము లేకయే అట్లనుట లేదు. మనకు ముందున్నవారి అల్లరికి మనము దండన అనుభవించితిమి. మన అల్లరికి మన తరువాతివారు అనుభవింపకుండ చూడవలెను.

మరుసటి సంవత్సరము మేము ముగ్గురమును తలకొంత వేసికొని మిత్రుని యింటికి పోయి రమ్మని పిలిచితిమి. అప్పటికి అతడు ఒక కొట్టులో లెక్కలు వ్రాయు పనిలో కుదిరి, గొలుసు విడిపించుటకు సొమ్ము కూడబెట్టుచుండెను. “నిరుడు వచ్చియుంటే బాగుండెడిది, అన్నా” అని మాత్రము చెప్పి, మాకు మజ్జిగ తెప్పించి యిచ్చెను. ఆ మాట మమ్మింకను విడువలేదు.

ప్రియవిద్యార్థులారా, మీరు పట్టణమున ఇల్లు చూచునప్పుడు కప్పును చూడుడు, కుళాయిని చూడుడు, కాగితమును చూడుడు. అంతకుముందు మీతో వచ్చినవాని వంతు ఎచ్చటనుండి వచ్చినదో ఒక్కసారి అడిగి తెలిసికొనుడు.