పాథ్ చూపితేనే జావా పలుకుతుంది

తమ్ముళ్ళూ, కమాన్‌పూర్ నుంచి గోదావరిఖనికి బస్సులో పోయి చదువుకున్న రోజుల్లో మేము నలుగురం ఒకే పాత కంప్యూటర్ మీద జావా మొదలుపెట్టాం. జేడీకేను పెన్‌డ్రైవ్‌లో జిప్ ఫైలుగా తెచ్చి విప్పాం. కమాండ్ ప్రాంప్ట్‌లో 'జావాసీ' అని కొడితే 'నాట్ రికగ్నైజ్డ్' అని వచ్చింది. మా ఇళ్ళల్లో డిగ్రీ దాకా వచ్చింది మేమే మొదలు, అడుగుదామంటే ఎవరూ లేరు. మాలో ఒకడు కోర్సు మార్చుకుంటానన్నాడు కూడా. తీరా చూస్తే ప్రోగ్రాంలో తప్పే లేదు.

సెంటినరీ కాలనీలో ఉండే మనిషి కోసం 8 ఇంక్లైన్ కాలనీ అంతా తిరిగితే దొరుకుతాడా? విండోస్ కమాండ్ ప్రాంప్ట్ పద్ధతీ అంతే. ముందు మనమున్న ఫోల్డరులో వెతుకుతుంది. తర్వాత పాథ్ అనే పట్టికలోని చిరునామాలను వరుసగా చూస్తుంది. మొదట దొరికినదాన్ని నడుపుతుంది. పట్టికలో లేని ఇంటి గడప తొక్కదు.

స్టార్ట్‌లో 'ఎన్విరాన్‌మెంట్' అని వెతికి, 'ఫర్ యువర్ అకౌంట్' అని ఉన్నదాన్ని తెరవండి. దీనికి అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ అక్కర్లేదు, ల్యాబ్‌లో మనకు అది ఎవరిస్తారు కనుక! పై భాగంలో పాథ్ మీద ఎడిట్ నొక్కి, న్యూ నొక్కి, జేడీకేలోని బిన్ ఫోల్డరు చిరునామా అతికించండి. జేడీకే దగ్గరే ఆగిపోవద్దు, జావాసీ ఉండేది బిన్‌లో. రెండు కిటికీల్లోనూ ఓకే కొట్టి, కమాండ్ ప్రాంప్ట్ మూసి మళ్ళీ తెరవండి. పాత కిటికీకి కొత్త పాథ్ తెలియదు.

ఆ తెలియకపోవడమే ఒకసారి మమ్మల్ని కాపాడింది. తొందరపడి 'సెట్‌ఎక్స్' కమాండ్‌తో పాత పాథ్ మొత్తానికి కొత్త చిరునామా తగిలించాం. సెట్‌ఎక్స్ 1024 అక్షరాల దగ్గర కోసేస్తుంది. హెచ్చరిక వచ్చింది, మేమే చదవలేదు. జావా రాలేదు సరికదా, అంతవరకు పనిచేసిన పైథాన్ కూడా పోయింది. అదృష్టం కొద్దీ ముందు తెరిచిన కిటికీ ఒకటి మూయలేదు. అందులో 'ఎకో %పాథ్%' కొడితే పాత పట్టిక మొత్తం కనిపించింది, చూసి తిరిగి రాసుకున్నాం. మీరు ముందే ఆ పట్టికను నోట్‌ప్యాడ్‌లో దాచుకోండి.

చివరగా 'వేర్ జావాసీ' అని కొట్టండి. ఒక చిరునామా వస్తే సరే. రెండు వస్తే పైనున్నదే నడుస్తోందని లెక్క.