సంతకం పెట్టనన్నవాళ్లకు తోడు

బిడ్డా,

నాందేడ్ జిల్లా భోకర్‌లో భూసేకరణ పని చేసేవాళ్లంతా కలిసి ఒక సంఘం పెట్టుకోవాలనుకుంటున్నామని రాశావు. భూమి కొలిచే మోజణీదార్లు, విలువ కట్టేవాళ్లు, వకీళ్లు, పల్లె రెవెన్యూ రికార్డులు చూసి రిటైరైన తలాఠీలు, నీలాగా కన్సల్టెన్సీల్లో తిరిగే పిల్లలు. మంచి ఆలోచనే. నువ్వు పంపిన నియమావళి ముసాయిదా నిదానంగా చదివాను. మెచ్చుకోవడానికి మీ బాపు ఎలాగూ ఉన్నాడు. నేను మిగతాది రాస్తాను.

ముందు నీ సందేహం. ఇంత చిన్న ఊళ్లో ఇలాంటి సంఘమా, నాందేడ్‌లో పెడితే పోదా అన్నావు. భూసేకరణ ఊరి సైజు చూసి రాదు. దారిలో ఉన్న ఊరి మీదికి వస్తుంది. కల్యాణ్‌నూ నిర్మల్‌నూ కలిపే 61వ నంబరు జాతీయ రహదారి, మనం ఇంకా 222 అనే పిలుస్తాం చూడు, అది మీ ఊరి మీదుగానే పోతుంది. ముద్ఖేడ్-ఆదిలాబాద్ రైలు పట్టా మీ ఊరి మీదుగానే. ముఖేడ్ దగ్గరి లేండీ ప్రాజెక్టు మహారాష్ట్ర, తెలంగాణల ఉమ్మడి పని, దాని కింద లేచిపోవాల్సిన ఊళ్ల గోడు ఎన్నేళ్లుగా నలుగుతోందో నీకు తెలుసు. నాగ్‌పూర్-గోవా శక్తిపీఠ్ మహామార్గం పేరెత్తితే రైతులు ఎట్లా లేచారో పేపర్లో చూశావు. పైగా మీ దగ్గర ఒకే బండి మీద చేనుకు వెళ్లే నలుగురు మరాఠీ, తెలుగు, బంజారా, ఉర్దూ మాట్లాడతారు. ఈ పనికి నాందేడ్ ఆఫీసు గది కన్నా భోకరే మేలు.

ఇలాంటి సంఘం ప్రపంచంలో మొదటిసారి పుట్టించబోతున్నట్టు ముందుమాటలో రాశారు. అది తీసేయండి. 1934లో లాస్ ఏంజెలెస్‌లో ఫ్రాంక్ బాల్ఫర్ అనే ఆయన ముందుండి ఇలాంటివాళ్లను కూడగట్టాడు. రోడ్లకు, కరెంటు తీగలకు, పైపులైన్లకు జాగా సంపాదించి పెట్టేవాళ్లు వాళ్లు. దక్షిణ కాలిఫోర్నియాకు పరిమితమైన చిన్న కూటమిగా మొదలై, ఇవాళ ఇంటర్నేషనల్ రైట్ ఆఫ్ వే అసోసియేషన్ అనే పెద్ద సంస్థ అయింది. దానికి ఎక్కడికక్కడ నంబర్లు వేసిన చాప్టర్లున్నాయి, ఒకటో నంబరు లాస్ ఏంజెలెస్‌దే. సభ్యులకు పాఠాలు, పరీక్షలు, ఒక నీతి నియమావళి ఉంటాయి. సర్వేయరు, వకీలు, విలువ కట్టేవాడు, రైతుతో మాట్లాడేవాడు ఒకే బల్ల చుట్టూ కూచోవడం నాకు అందులో నచ్చిన సంగతి. కానీ వాళ్ల నియమావళిని మీరు మక్కీకి మక్కీ దించుకున్నట్టున్నారు, అది నప్పదు. అక్కడ మామూలుగా ముందు బేరం, కుదరకపోతే కోర్టు. మన దగ్గర ముందు గెజెట్, ఆ తరువాతే మాటలు. గెజెట్ వచ్చాక రైతు చేతిలో మిగిలేది ఒక కాగితం మీద రాసిన నాలుగు అంకెలు. ఆ అంకెలు రాసేది మీరు.

అందుకే మీ ముసాయిదాలో నాకు అన్నిటికన్నా ఖాళీగా కనిపించింది మొదటి పేజీ. ఉద్దేశాలు అని చెప్పి గుర్తింపు కార్డులు, వార్షిక సన్మానం, డైరీ, క్యాలెండర్ రాశారు. కార్డు మీద సింహాల బొమ్మ ఉండాలా వద్దా అన్న చర్చ కూడా నడిచినట్టుంది. వద్దు. ప్రైవేటు సంఘం ఆ బొమ్మ వేసుకుంటే చట్టం ఒప్పదు, అది అటుంచితే కార్డు చూసి రైతు భయపడాలన్న కోరిక ఎక్కడి నుంచి వచ్చిందో మిమ్మల్ని మీరే ఒకసారి అడగండి.

ఇలాంటి సంఘానికి నేను ఒకే పని చూస్తాను. జాయింట్ మోజణీ, అంటే ఉమ్మడి కొలత, జరిగే రోజు చేనులో ఎట్లా ఉంటుందో నీకు కొత్తగా చెప్పక్కర్లేదు. మిషన్ మూడు కాళ్ల మీద నిలబడుతుంది, సున్నం గుర్తులు పడతాయి, రోడ్డు ఇంజనీరు గడియారం చూసుకుంటుంటాడు, జీపు బానెట్ మీద పత్రం పరుస్తారు. గట్ (సర్వే) నంబరు, పోయే విస్తీర్ణం, సాగుకు పనికిరాదని రాసే పోట్‌ఖరాబ్, బావి, పైపులైను, చెట్లు, ఇల్లు. పైపులైను భూమిలో ఉంటుంది, రైతు చూపిస్తేనే కనిపిస్తుంది. ఆ రోజు రైతు ఊళ్లో లేక ఇంటి ముసలమ్మ వచ్చి బొటనవేలు వేసిందనుకో, పైపులైను లేనట్టే.

పాత ఆదిలాబాద్ జిల్లాలో ఒక కాలువ కింద పోయిన చేను ఫైలు నా బల్ల మీదికి వచ్చింది. కొలత మే నెలలో జరిగింది. బావిలో నీళ్లు అడుగుకు పోయాయి. పత్రంలో 'పాడుబడ్డ బావి' అని రాశారు. ఆ బావి కింద ఆయన ఏటా రెండు పంటలు తీసేవాడు. కాగితం తెలుగులోనే ఉంది, రైతు మాట్లాడేదీ తెలుగే, కానీ ఎవరూ చదివి వినిపించలేదు. ఆ రెండు మాటల మీద కేసు ఏళ్లకేళ్లు సాగింది. నన్ను ఇబ్బంది పెట్టింది ఆ రాసినవాడు కాదు. సాక్షుల వాంగ్మూలం చదివితే, ఆ రోజు గట్టు మీద ఉన్నవాళ్లలో ఇద్దరికి అది తప్పని తెలుసు. ఒకడు కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లాడు, ఇంకొకడు రోజుకూలి మీద చైను పట్టేవాడు. నోరు మెదిపితే మరునాటి నుంచి పని ఉండదు. ఇద్దరూ సంతకం పెట్టారు.

ఒంటరిగా ఉన్నవాడు 'ఇది తప్పు, నేను సంతకం పెట్టను' అనలేడు. సంఘం ఉండాల్సింది వాడి కోసం. కాబట్టి మొదటి నియమం ఇట్లా రాసుకోండి: సభ్యుడెవరైనా ఒక పత్రం తప్పని సంతకానికి నిరాకరించి కారణం రాసిస్తే, సంఘం ముగ్గురిని చేనుకు పంపాలి. మాట నిజమని తేలితే సంఘం పేరుతోనే ప్రాంత్ అధికారికి, అంటే రెవెన్యూ డివిజన్ అధికారికి, రాయాలి. ఆ సభ్యుడి పని పోతే, ఆ ఖాళీలోకి ఇంకో సభ్యుడు దూరకూడదు. ఈ చివరి వాక్యం దగ్గర మీవాళ్లు చాలామంది ఆగిపోతారు, నాకు తెలుసు. దానికి ఒప్పుకున్నవాళ్లతోనే మొదలుపెట్టండి. పదిమంది చాలు.

ఇక చదువు సంగతి. నెలకోసారి కూడి చాయ్ తాగుతామన్నారు. తాగండి, కానీ ఒక అసలు పత్రం ముందు పెట్టుకుని తాగండి. సాత్‌బారా హక్కు పత్రంలో విస్తీర్ణం హెక్టార్-ఆర్‌లలో ఉంటుంది, రైతు నోట్లో ఎకరం-గుంటలే. నలభై గుంటలు ఎకరం, నలభై ఆర్‌లు కూడా ఎకరమే అనుకుంటాడు. కాదు. 40 ఆర్‌లంటే 4,000 చదరపు మీటర్లు, ఎకరం 4,046 దాటుతుంది. తేడా 56 గజాలు. చేనులో అదేం లెక్క అంటారు. రోడ్డు పక్క ప్లాటు ధర కట్టే రోజున అడగండి. పోట్‌ఖరాబ్ కింద పడేసిన ముక్కను రైతు ఎన్నేళ్లుగా దున్నుతున్నాడో చూడటం, సేత్వార్, 1954 నాటి ఖాస్రా లాంటి పాత రికార్డుల దాకా వెనక్కి వెళ్లి ఇనాం భూమా కౌలు భూమా తేల్చుకోవడం, ఇవన్నీ మీ దగ్గర పాత కాగితాలతో ముడిపడ్డ పనులు. 1956 దాకా మనం ఒకే హైదరాబాద్ రాజ్యం, పాత దఫ్తరాల్లో రాత ఎక్కువగా ఉర్దూ. ఆ రాత చదవగల పెద్దమనుషులు భోకర్‌లో ఇంకా ఉన్నారు. వాళ్లకు సభ్యత్వ రుసుం తీసుకోకుండా ముందు వరసలో కూచోబెట్టండి.

పరిహారం లెక్క మీకు తెలుసు, రైతుకు అర్థమయ్యేలా చెప్పడం మాత్రం మీలో సగం మందికి రాదు. 2014 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న 2013 నాటి కొత్త భూసేకరణ చట్టంలో మార్కెట్ విలువ తీయడానికి గడిచిన మూడేళ్ల అమ్మకాలు చూసి, వాటిలో ఎక్కువ ధర పలికిన సగం దస్తావేజుల సగటు కడతారు. అది రిజిస్ట్రేషన్ విలువ కన్నా ఎక్కువైతే అదే లెక్క. పల్లెల్లో దాన్ని 1కీ 2కీ మధ్య రాష్ట్రం నిర్ణయించిన గుణకంతో హెచ్చించి, దాని మీద నూటికి నూరు సొలేషియం, అంటే బలవంతంగా తీసుకున్నందుకు అదనపు సొమ్ము, కలుపుతారు. ఎకరం 10 లక్షలనుకుంటే, గుణకం 2 అయితే 40 లక్షలు, 1 అయితే 20 లక్షలు. ఒక్క అంకెతో సగానికి సగం. పాత 1894 చట్టం కింద 30 శాతం సొలేషియంతో సరిపెట్టిన తండ్రికీ, ఇప్పుడు అడుగుతున్న కొడుకుకూ ఇంట్లో ఎందుకు మాట కలవదో దీన్నిబట్టి అర్థమవుతుంది. జాతీయ రహదారుల చట్టం కింద తీసుకుంటే సొలేషియం రాదన్న మాట ఇంకా ఎవరైనా అంటే, 2019లో తార్‌సేమ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఏం చెప్పిందో చూపించండి.

అన్నిటికన్నా రైతును ముంచేవి తేదీలు. జాతీయ రహదారుల చట్టంలో మొదటి నోటిఫికేషన్ వచ్చాక అభ్యంతరానికి 21 రోజులు. పరిహారం చాలదనుకుంటే దారి ఆర్బిట్రేటర్ దగ్గరికి. 2013 చట్టం కింద అయితే అవార్డు రోజు హాజరైనవాడు ఆరు వారాల్లో ఎక్కువ పరిహారం కోసం రిఫరెన్సు అడగాలి. పక్క చేనువాడు కోర్టుకెళ్లి ఎక్కువ తెచ్చుకుంటే, వెళ్లనివాడు కూడా అదే లెక్కన ఇవ్వమని 73వ సెక్షన్ కింద అడగొచ్చు, కానీ ఆ తీర్పు నుంచి మూడు నెలల్లోనే. ఈ ఒక్క సంగతి తెలియక నష్టపోయిన కుటుంబాలు మన నాందేడ్, ఆదిలాబాద్ జిల్లాల్లో కావలసినన్ని. ఒక గోడ పత్రిక మీద ఈ తేదీలే రాసి మరాఠీలో, తెలుగులో, బంజారావాళ్లకు అర్థమయ్యే మాటల్లో ప్రతి గ్రామ పంచాయతీ గోడకు అతికించండి. మీ క్యాలెండర్ ఖర్చు దీనికి సరిపోతుంది.

భూమి ఉన్నవాడి దగ్గరే ఆగొద్దు. కౌలుదారు, కూలి, వాళ్ల బతుకు మూడేళ్లుగా ఆ చేను మీదే నడుస్తుంటే చట్టం వాళ్లనూ ప్రభావిత కుటుంబమనే అంటుంది. మా తెలంగాణలో 123వ నంబరు జీవో సంగతి గుర్తుందా? 2015లో తెచ్చారు, భూమి నేరుగా కొనుక్కోవడానికి. 2016 ఆగస్టులో హైకోర్టు సింగిల్ జడ్జి దాన్ని కొట్టేశారు. అంతదాకా తెచ్చింది పట్టాదార్లు కాదు, మెదక్ జిల్లా కూలీలు. ఆ తరువాత అప్పీళ్లు, చట్ట సవరణలు చాలా నడిచాయి, అది వేరే కథ. మీ కొలత పత్రంలో కూలీ పేరుకు గడి లేదు. ఆడపిల్లల వాటా కూడా అంతే. మహారాష్ట్ర 1994లోనే కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో హక్కు ఇచ్చింది, 2005లో దేశమంతా వచ్చింది. సాత్‌బారాలో మాత్రం అన్నదమ్ముల పేర్లే ఉంటాయి. డబ్బు ఖాతాలో పడ్డాక అక్కాచెల్లెళ్లు కోర్టుకెక్కడం కన్నా, కొలత రోజునే వారసుల చెట్టు గీయించడం నయం. పంచాయితీ అవుతుందని భయపడకు. ఎప్పుడో అప్పుడు అవుతుంది, డబ్బు పడకముందు అయితే తొందరగా తెగుతుంది.

ఇప్పుడు కష్టమైన సంగతి. పదకొండో నియమంలో 'సభ్యులు తమ సేవలకు తగిన ప్రతిఫలం పరస్పర అంగీకారంతో పొందవచ్చు' అని మెత్తగా రాశారు. దాని కింద ఏముందో నాకు తెలుసు, నీకూ తెలుసు. పరిహారంలో వాటా. నూటికి ఇంత అని రైతుతో స్టాంపు కాగితం మీద రాయించుకుని, చెక్కు పడ్డ రోజు బ్యాంకు మెట్ల మీద కాచుకుని ఉండటం. వకీళ్లు ఇలా తీసుకోకూడదని బార్ కౌన్సిల్ నియమమే ఉంది, మిగతావాళ్లకు అడ్డం చెప్పేవాళ్లు లేరు. మీరు చెప్పండి. ఫీజు ఎంతైనా తీసుకోండి, ముందే చెప్పి రసీదు ఇచ్చి తీసుకోండి. వాటా మాత్రం వద్దు. వాటా ఉన్నవాడు బావిని రెండు బావులుగా రాస్తాడు, నోటిఫికేషన్ వాసన తగలగానే రాత్రికి రాత్రే టేకు మొక్కలు నాటిస్తాడు. రోడ్డు ఏ గట్ నంబర్ల మీదుగా పోతుందో ముందే తెలిసి, ఆ చుట్టుపక్కల బావమరిది పేరుతో కొనే సభ్యుడు కూడా ఇదే కోవ. అలాంటివాణ్ణి ఏం చేయాలో రాయకుండా సంఘం రిజిస్టర్ చేయొద్దు. మొదటి ఏడాదే ఒకడు బయటపడతాడు, వాడు నీకు స్నేహితుడై ఉంటాడు కూడా.

ఇద్దరు ముగ్గురు పనిలో ఉన్న తలాఠీలు కార్యవర్గంలో ఉంటామన్నారని రాశావు. వద్దు. వాళ్లను పాఠం చెప్పడానికి పిలవండి, పదవి ఇవ్వొద్దు. వాళ్ల సర్వీసు నియమాలు వాళ్లకుంటాయి, మీకు మొహమాటం ఉంటుంది. అలాగే భూమి తీసుకునేవాళ్ల తరఫున పనిచేసేవాళ్లే కాదు, రైతుల తరఫున కేసులు నడిపేవాళ్లూ సభ్యులుగా సగం ఉండేలా చూసుకో. అప్పుడే చాయ్ దగ్గర పత్రం మీద నిజమైన వాదన పడుతుంది.

రిజిస్ట్రేషన్‌కు కనీసం ఏడుగురు కావాలి, 1860 నాటి సొసైటీల చట్టం కింద. మీ రాష్ట్రంలో పబ్లిక్ ట్రస్టుల చట్టం కింద కూడా నమోదు అడుగుతారు. ధర్మాదాయ్ ఆయుక్త్ (చారిటీ కమిషనర్) కార్యాలయంలో ఉద్దేశాల పేజీ చదివి ప్రశ్నలు వేస్తారు. అందుకే మొదటి పేజీ మార్చి పట్టుకెళ్లు.

పదకొండో నియమం మొత్తం కొట్టేశాను. మిగతావాటి మీద పెన్సిల్ గీతలున్నాయి, మీ తమ్ముడు స్కాన్ చేసి పంపుతాడు. మొదటి సమావేశానికి నన్ను ముఖ్య అతిథిగా పిలిచి శాలువా కప్పుతామన్నారు. శాలువా వద్దని చెప్పు. వస్తాను, కానీ మీలో ఎవరైనా గుణకం మీద సర్కారు ఇచ్చిన తాజా ఉత్తర్వు కాపీ తెచ్చి ఉంచాలి. పాతది పట్టుకుని మాట్లాడితే నేను బస్సెక్కి వెనక్కి వచ్చేస్తాను.

మీ పెద్దబాపు