ధనుర్మాసానికి మీ ఆల్బమ్ ఏది? ముప్పై రోజుల పాటను ఎంచుకునే పద్ధతి

 

డిసెంబర్ రాగానే మా ఆఫీసులో ఒక మూల క్రిస్మస్ చెట్టు పెడతారు. సీక్రెట్ శాంటా చీటీలు తీస్తారు. టీమ్ గ్రూపులో పాటల లింకులు మొదలవుతాయి. ఒకరు 1981 నాటి బోనీ ఎం క్రిస్మస్ ఆల్బమ్ అంటారు, ఇంకొకరు 1994లో వచ్చిన మరియా కేరీ ఆల్బమ్ అంటారు. పోయినేడు ఒకమ్మాయి నన్నూ అడిగింది, "ఈ సీజన్‌కి మీ ఇంట్లో ఏ ఆల్బమ్ పెడతారు?" అని. మేం క్రిస్మస్ చేయం కదా అనుకుని నవ్వి ఊరుకున్నాను.

ఆ శుక్రవారం రాత్రి మిర్యాలగూడ బస్సులో కూర్చున్నాక గుర్తొచ్చింది. మనకూ ఇదే సీజన్ కదా! డిసెంబర్ 16 ప్రాంతంలో సూర్యుడు ధనూరాశిలోకి వస్తాడు. అక్కడి నుంచి భోగి దాకా ధనుర్మాసం. తెల్లవారుజామునే గుడి మైకు, వాకిట్లో ముగ్గు, తలమీద అక్షయపాత్ర పెట్టుకుని వచ్చే హరిదాసు. నెలంతా పాటే. మరి నాకు జవాబు ఎందుకు తట్టలేదు? ఎప్పుడూ శ్రద్ధగా ఎంచుకోలేదు కాబట్టి. అందుకే ఈ పాఠం.

ముందు నేను చేసిన తప్పు చెప్తాను

మా అమ్మ మిర్యాలగూడలో ఉంటుంది. ధనుర్మాసం నెల రోజులూ అయిదింటికి లేచి, ముగ్గు వేస్తూ రోజుకో తిరుప్పావై పాశురం పాడుకుంటుంది. రెండేళ్ల కింద నేను ఆమెకు ఒక బ్లూటూత్ స్పీకర్ కొనిచ్చాను. పెద్ద పెద్ద గాయకుల పాటలన్నీ వెతికి ఎనభై పాటల ప్లేలిస్ట్ చేశాను. పొద్దున్నే దానంతట అదే మోగేలా టైమర్ పెట్టాను. మంచి పని చేశాననే అనుకున్నాను.

వారం తర్వాత ఇంటికి వెళ్లి చూస్తే స్పీకర్ బ్రహ్మాండంగా మోగుతోంది. అమ్మ మాత్రం నోరు విప్పకుండా ముగ్గు వేస్తోంది.

"పాడుతలేవేందమ్మా?" అన్నా.

"గంత పెద్దోళ్లు పాడుతుంటే నడుమ నా గొంతెందుకు బిడ్డా" అన్నది.

ఎన్నో ఏళ్లుగా ఆ వాకిట్లో వినిపించిన గొంతును ఒక్క వారంలో నేనే ఆపేశాను. మంచి పాటలు ఎంచాను, నిజమే. కానీ ఎందుకు ఎంచుతున్నానో ఆలోచించలేదు. ఆల్బమ్ మనచేత పాడించాలి, మన బదులు పాడకూడదు. ఈ పాఠంలో మీరు గుర్తుపెట్టుకోవాల్సింది ఇదొక్కటే. మిగతాదంతా దీన్ని ఎలా పాటించాలన్నదే.

1. తిరుప్పావై: షఫుల్ చేయకండి

గోదాదేవి, అంటే ఆండాళ్, పాడిన 30 పాశురాలు తిరుప్పావై. రోజుకొకటి. వీటికి అరియక్కుడి రామానుజ అయ్యంగార్ రాగాలు కూర్చారు. ఎం.ఎల్. వసంతకుమారి గొంతులో అవి దక్షిణాదిలో ఇంటింటికీ చేరాయి. మొదటి పాశురం నాట రాగంలో మొదలై, ముప్పయ్యోది సురటిలో ముగుస్తుంది. నా మొదటి ఎంపిక ఇదే.

దీనికి ఒక వరుస ఉంది. నేను షఫుల్‌లో పెట్టి చెడగొట్టింది ఆ వరుసనే. రెండో పాశురంలో గోపికలు వ్రతనియమాలు చెప్పుకుంటారు. నెయ్యి తినం, పాలు తాగం, కాటుక పెట్టుకోం, పూలు ముడవం అంటారు. ఆరు నుంచి పదిహేను దాకా ఒక్కో ఇంటి ముందు ఆగి నిద్రపోతున్న స్నేహితురాళ్లను లేపుతారు. పదహారులో నందగోపుడి ఇంటి కావలివాళ్లను బతిమాలుకుంటారు. ఇరవై మూడులో కృష్ణుణ్ణి, గుహలోంచి లేచి వచ్చే సింహంలా రమ్మంటారు. ఇరవై ఏడులో స్వామి దొరికాక, మోచేతి దాకా నెయ్యి కారేలా పాయసాన్నం అందరూ కలిసి కూర్చుని తింటారు. గుడుల్లో ఆ రోజునే కూడారై ఉత్సవం చేస్తారు.

ఇప్పుడు ఆలోచించండి. ఇరవై ఏడోది ముందు విని, రెండోది తర్వాత వింటే ఏమవుతుంది? వదిలిన నెయ్యి తిరిగి రావడంలోని ఆనందమే తెలియదు. రోజుకొక్క పాశురమే వినండి. నాలుగైదు నిమిషాలు చాలు. భాష తమిళం కాబట్టి ముందురోజు రాత్రి తెలుగులో అర్థం చదువుకోండి. గోదాదేవి కథ తెలియాలంటే శ్రీకృష్ణదేవరాయల ఆముక్తమాల్యద మన భాషలోనే ఉంది. తాను ముడుచుకుని తీసిన దండను స్వామికి ఇచ్చిన అమ్మాయి అనేదే ఆ పేరుకు అర్థం.

2. సుప్రభాతం: ఈ నెలలో ఒక చిన్న సంగతి

ఎం.ఎస్. సుబ్బులక్ష్మి శ్రీ వేంకటేశ్వర సుప్రభాతం 1963లో రికార్డుగా వచ్చింది. మనలో చాలామందికి పొద్దుటి పాట అంటే అదే. అయితే ధనుర్మాసంలో తిరుమలలో సుప్రభాతం బదులు తిరుప్పావైతో స్వామిని మేల్కొలుపుతారని మీకు తెలుసా? ఇంట్లో సుప్రభాతం పెట్టుకోకూడదని కాదు. ఈ ఒక్క నెల తిరుమల పద్ధతిని మన ఇంట్లోనూ పాటిస్తే, ఇది మామూలు నెల కాదని పిల్లలకు కూడా తెలుస్తుంది. ఆవిడే పాడిన విష్ణుసహస్రనామం అరగంట పైచిలుకు ఉంటుంది. వైకుంఠ ఏకాదశి రోజు పుస్తకం పట్టుకుని ఆవిడతో పాటు చదవండి. ఉచ్చారణ నేర్చుకోవడానికి అంతకన్నా మంచి గురువు దొరకడం కష్టం.

3. అన్నమయ్య: దారిలో పాడుకోవడానికి

హైదరాబాద్ నుంచి సూర్యాపేట, కోదాడ వెళ్లే విజయవాడ హైవే మీద ఈ నెలలో పొద్దున పొగమంచు బాగా ఉంటుంది. బస్సు నెమ్మదిగా పోతుంది. నేను అన్నమయ్యను వినేది అప్పుడే. అన్నమయ్య 1408 నుంచి 1503 దాకా జీవించాడు. ఆయన కీర్తనలు రాగిరేకుల మీద చెక్కి తిరుమలలో భద్రపరిచినా, శతాబ్దాల పాటు పాడేవాళ్లు లేకుండా పోయారు. వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటి పెద్దలు వాటిని పరిష్కరించి మళ్లీ జనంలోకి తెచ్చారు. రేకుల మీద సాహిత్యం ఉంది, రాగం పేరు ఉంది. కానీ పాడే బాణీ లేదు. కాబట్టి మనం ఇవాళ వింటున్న బాణీలు చాలావరకు ఇటీవలి కాలంలో కట్టినవే. గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ ఒక్కరే వందల కీర్తనలకు బాణీలు కట్టారు.

1997 నాటి అన్నమయ్య సినిమా పాటలు మీకు వచ్చే ఉంటాయి. అక్కడ ఆగిపోకండి. ఈ నెల బాలకృష్ణప్రసాద్ పాడిన ఆల్బమ్ ఒకటి తీసుకుని, అందులో ఒక్క కీర్తన పూర్తిగా నేర్చుకోండి. గోదాదేవిని 'చూడికుడుత నాంచారి' అని పిలుస్తూ అన్నమయ్య పాడిన శోభనపు పాట ఒకటుంది. ధనుర్మాసానికి అది సరిగ్గా సరిపోతుంది.

4. రామదాసు: కోదాడ పక్క ఊరివాడు

మా అమ్మమ్మది కోదాడ. అక్కడి నుంచి ఖమ్మం దారి పడితే వచ్చేదే నేలకొండపల్లి, కంచర్ల గోపన్న సొంతూరు. అంటే భద్రాచల రామదాసు మా అమ్మమ్మకు పక్క ఊరాయన! ముక్కోటి ఏకాదశికి భద్రాచలంలో తెప్పోత్సవం, ఉత్తరద్వార దర్శనం జరుగుతాయి కాబట్టి రామదాసు కీర్తనలు కూడా ఈ నెలవే.

మంగళంపల్లి బాలమురళీకృష్ణ పాడిన రామదాసు కీర్తనలు తీసుకోండి. విజయవాడ ఆకాశవాణి భక్తిరంజని రోజుల నుంచి ఆ గొంతు తెలుగు ఇళ్లకు అలవాటు. 2006 సినిమా పాటల్లోని హంగు ఇక్కడ ఉండదు. పల్లవి తేలిక, మాట స్పష్టం. రెండుసార్లు వింటే మూడోసారి మనమూ అందుకోవచ్చు. మా అమ్మమ్మకు చదువు రాదు. అయినా పది కీర్తనలు నోటికొచ్చు. అవన్నీ రేడియోతో పాటు పాడి నేర్చుకున్నవే.

5. ఘంటసాల భగవద్గీత: భయపడకుండా వినండి

సూర్యాపేటలో మా బాబాయి ఒక పొద్దున ఇది పెడితే పక్కింటాయన పరుగున వచ్చి "ఏమైంది, ఎవరికేమైంది?" అని అడిగాడట. మన ఊళ్లలో ఎవరైనా పోయినప్పుడే ఈ రికార్డు వేయడం అలవాటైపోయింది. పాపం, అందులో గీత తప్పేముంది? మార్గశిర శుద్ధ ఏకాదశి గీతాజయంతి. మాసాల్లో మార్గశీర్షాన్ని తానేనని కృష్ణుడు పదో అధ్యాయంలో చెప్తాడు. అర్జునుడు యుద్ధభూమిలో కుంగిపోయినప్పుడు, లేచి తన పని చేయడానికి విన్న మాటలవి. బతికున్నవాళ్లు వినాల్సినవి.

ఘంటసాల 1974 ఫిబ్రవరిలో కన్నుమూశారు. ఈ రికార్డు ఆ తర్వాతే విడుదలైంది. గీతలోని 700 శ్లోకాల్లో ముఖ్యమైనవి ఎంచి, ప్రతిదానికీ తెలుగు తాత్పర్యం చెప్పారు కాబట్టి మొదటిసారి వినేవాళ్లకు చాలా సులువు. గీతాజయంతి నాడు ఇంట్లో పెట్టండి. పక్కింటివాళ్లు అడిగితే "ఇవాళ గీత పుట్టినరోజు" అని చెప్పండి.

ఎలా వినాలి? నాలుగు సెట్టింగులు

• షఫుల్, ఆటోప్లే రెండూ ఆపండి. ఒక పాట అయిపోయాక ఇల్లు కాసేపు నిశ్శబ్దంగా ఉండనివ్వండి. మన గొంతు వచ్చేది అక్కడే.

• అయిదు ఆల్బమ్‌లూ ఒకేసారి వద్దు. పొద్దున తిరుప్పావై, దానికి తోడు ఇంకొక్కటి చాలు.

• ఒక్కసారి విని, రెండోసారి కలిసి పాడి, మూడోసారి ఫోన్ ఆపేసి పాడండి. శృతి తప్పినా పర్వాలేదు.

• ఇంట్లో పెద్దవాళ్లు పాడేవాళ్లయితే, వాళ్లు పాడుతున్నంతసేపు ఏదీ మోగించకండి.

కోదాడలో డిసెంబర్ రాత్రుళ్లు చర్చి పిల్లలు ఇంటింటికీ వచ్చి క్యారల్స్ పాడతారు. తెల్లవారితే అదే వీధిలో హరిదాసు పాడుతూ వస్తాడు. ఇద్దరూ తమ సొంత గొంతుతోనే పాడతారు. అందుకే అమ్మమ్మ ఇద్దరి కోసమూ తలుపు తీస్తుంది.

నేను మిర్యాలగూడ స్పీకర్‌లో టైమర్ తీసేశాను. వెంటనే అంతా సర్దుకుందని చెప్పను. అమ్మకు మళ్లీ గొంతు విప్పడానికి పది రోజులు పట్టింది. మొదట్లో "మర్చిపోయిన" అని తప్పించుకునేది. అందుకని రోజూ అయిదున్నరకు నేనే ఫోన్ చేసి, తప్పుల తడకగా పాశురం మొదలుపెట్టేదాన్ని. వినలేక అమ్మ సరిదిద్దేది. సరిదిద్దుతూ సరిదిద్దుతూ మొత్తం పాడేసేది. పోయినేడు ముప్పై పాశురాలూ ఫోన్‌లో రికార్డు చేసుకున్నాను. వెనక చీపురు చప్పుడు, పాలవాడి బండి హారన్, అన్నీ వినిపిస్తాయి. ఆఫీసులో ఆ అమ్మాయి ఈ డిసెంబర్‌లో మళ్లీ అడిగితే, ఇయర్‌ఫోన్ ఇచ్చి ముందు అదే వినిపిస్తాను.

ఈ ధనుర్మాసంలో మీ ఇంట్లో పాడేవాళ్లు ఎవరో కనుక్కోండి. ఎవరూ లేకపోతే మీరే మొదలుపెట్టండి. రేపటి వీడియోలో మొదటి పాశురం మాటమాటా విడదీసి నేర్చుకుందాం. పుస్తకం, పెన్ను దగ్గర పెట్టుకోండి.

ఆండాళ్ తిరువడిగళే శరణం. సర్వే జనాః సుఖినో భవంతు.