సిపాయి జీతం ఎవరిచ్చారో చూడు

షా అలీ బండ,
హైదరాబాదు.



నీ ఉత్తరం, దాంతో పంపిన ప్రాజెక్టు నమూనా రెండూ చదివాను. ఏడేళ్ల యుద్ధం ఎలా మొదలైంది, తొలి దండయాత్రలు ఎక్కడెక్కడ నడిచాయి, ఎవరు ఎవరితో కలిశారు అన్న విషయం ఎంచుకోవడం నాకు నచ్చింది. ఐరోపాలో, ఉత్తర అమెరికా అడవుల్లో, కరీబియన్ దీవుల్లో, మన గడ్డ మీద ఒకే కాలంలో సాగిన యుద్ధం అది. అయితే నీ అధ్యాయాలు చూస్తే ప్రష్యాకు ఒకటి, ఆస్ట్రియాకు ఒకటి, బ్రిటన్, ఫ్రాన్సులకు చెరొకటి ఉన్నాయి. చివర్లో ‘భారతదేశంపై ప్రభావం’ అని ఓ పది పేజీలు. పాతబస్తీలో పుట్టి పెరిగిన పిల్లవు, నీ ఊరిని తీసుకెళ్లి అనుబంధంలో పడేశావు. దాన్ని తిరగెయ్యమని చెప్పడానికే ఇంత పొడుగు ఉత్తరం.

ముందు ఒక పని చెయ్యి. తెల్లకాగితం మీద 1756 అని రాసి, నెలలు వరుసగా వేసుకో. ఒక పక్క ఐరోపా. జనవరిలో బ్రిటన్, ప్రష్యా వెస్ట్‌మిన్‌స్టర్‌లో ఒప్పందం చేసుకున్నాయి. మే 1న, తరతరాలుగా కత్తులు నూరుకున్న ఫ్రాన్స్, ఆస్ట్రియా వెర్సాయ్‌లో చేతులు కలిపాయి. అదే నెలలో బ్రిటన్ ఫ్రాన్స్ మీద యుద్ధం ప్రకటించింది. ఆగస్టు 29న ప్రష్యా రాజు ఫ్రెడరిక్ సాక్సనీలోకి సేన నడిపాడు.

రెండో పక్క మన సంగతి రాయి. అదే మే నెలలో సావనూరు దండయాత్రలో ఉన్న నిజాం సలాబత్ జంగ్, ఫ్రెంచి సేనాని బుస్సీకి కొలువు నుంచి ఉద్వాసన చెప్పాడు. బుస్సీ వెనుదిరిగి హైదరాబాదు చేరాడు. మూసీ దగ్గర కుతుబ్‌షాహీల నాటి చార్ మహల్‌లో మకాం పెట్టి, దాన్నే కోట చేసుకున్నాడు. మన చౌమహల్లా ప్యాలెస్‌తో దీన్ని కలిపెయ్యకు, రెండూ వేరు. నిజాం సేన చుట్టుముట్టింది. బుస్సీ సిపాయిలలో చాలామంది అవతలి శిబిరానికి జారుకున్నారు. బందరు నుంచి లా అనే అధికారి నడిపించిన సహాయక దళం, దారి పొడవునా దాడులు కాచుకుంటూ ఆగస్టు నడిమికి వచ్చి చేరింది. ఆగస్టు 20న రాజీ కుదిరింది, బుస్సీ మళ్లీ కొలువులో చేరాడు.

ఇప్పుడు రెండు వరుసలూ పక్కపక్కన పెట్టి చూడు. ఫ్రెడరిక్ సిపాయి సాక్సనీ గడప తొక్కకముందే మన ఊళ్లో ముట్టడి మొదలై, ముగిసిపోయింది. ఓడ మీద కబురు రావడానికి నెలలు పట్టే రోజులు. యుద్ధం ప్రకటించిన సంగతి మద్రాసుకు, పాండిచ్చేరికి ఆ ఏడాది చివరికి గానీ తెలియలేదు. కాబట్టి చార్ మహల్ పోరు ఐరోపా మంట నుంచి ఎగిరిపడ్డ నిప్పురవ్వ కాదు. దానికి కారణం దానికే ఉంది. ఆ కారణం పట్టుకుంటే నీ ప్రాజెక్టు సగం అయిపోయినట్టే.

కారణం కోసం ఎనిమిదేళ్లు వెనక్కి పోవాలి. మొదటి ఆసఫ్ జా 1748లో కన్నుమూశాడు. కొడుకు నాసిర్ జంగ్, మనవడు ముజఫర్ జంగ్ గద్దె కోసం తలపడ్డారు. 1750 డిసెంబరులో ఒకరు, మరుసటి ఏడాది మొదట్లోనే రెండోవారు హతులయ్యారు. ముజఫర్ జంగ్ వెంట ఉన్న బుస్సీ అప్పటికప్పుడు సలాబత్ జంగ్‌ను పైకి తెచ్చాడు. సలాబత్ జంగ్‌కు గద్దె దక్కింది, దాంతోపాటు ఫ్రెంచి పటాలమూ అంటుకుంది. ఆ పటాలానికి జీతాలు కావాలి. ఖజానాలో రొక్కం లేదు. బాకీలు పెరిగాయి, సిపాయిలు గొణిగారు. చివరికి 1753లో ఔరంగాబాదులో బుస్సీ ఒక ఏర్పాటు రాయించుకున్నాడు. కొండపల్లి, ఏలూరు, రాజమహేంద్రవరం, శ్రీకాకుళం సర్కారుల శిస్తు నేరుగా ఫ్రెంచివాళ్లే వసూలు చేసుకోవాలి, దాంతో సేన జీతాలు ఇచ్చుకోవాలి. కావలివాడికి జీతం ఇవ్వలేక ధాన్యపు కొట్టు తాళంచెవి చేతికిచ్చినట్టయింది.

దివాను షా నవాజ్ ఖాన్‌కు ఇది మొదటినుంచీ మింగుడుపడలేదు. సావనూరు దగ్గర ఉద్వాసన ఆయన ఆలోచనే. ఆయన్ని చాలా పుస్తకాలు కుట్రదారుడని ఒక్క మాటతో కొట్టేస్తాయి. నువ్వు ఆ దారిన పోకు. పరాయి సేన జీతం మీద, పరాయివాడి వసూలు మీద నిలిచిన గద్దె ఎన్నాళ్లుంటుందని అడిగినవాడు ఆయన. కానీ ఆయన ఎంచుకున్న మందు చూడు: ఫ్రెంచివాళ్లను వదిలించుకోవడానికి మద్రాసు ఇంగ్లీషువాళ్ల సాయం అడిగాడు. మద్రాసు కౌన్సిల్ సేన పంపడానికి సిద్ధపడింది కూడా. ఇంతలో కలకత్తా పడిపోయిన కబురు వచ్చింది. హైదరాబాదు మాట పక్కన పెట్టి, అక్టోబరులో క్లైవ్, వాట్సన్‌లతో బలగాన్ని బెంగాలుకు పంపించారు. ఆ బలగమే 1757 జూన్ 23న ప్లాసీలో నిలబడింది. బెంగాలు నవాబు సిరాజుద్దౌలా కలకత్తా మీదికి పోయి ఉండకపోతే, ఇంగ్లీషు పటాలం మూసీ ఒడ్డుకు వచ్చి ఉండేదేమో. ప్లాసీకీ పాతబస్తీకీ ఉన్న ఈ ముడి నీ పాఠ్యపుస్తకంలో కనిపించదు. నీ ప్రాజెక్టులో కనిపించాలి.

తర్వాతి అధ్యాయం తీరాంధ్ర. చార్ మహల్ నుంచి బయటపడ్డ బుస్సీ ముందు చేసిన పని సర్కారులకు బయలుదేరడం. కారణం నీకు ఇప్పుడు తెలుసు: శిస్తు బకాయిలు. అక్కడ విజయనగరం పూసపాటి విజయరామరాజు ఆయనకు అండ. విజయరామరాజుకు బొబ్బిలితో పాత పగ. 1757 జనవరి 24న బొబ్బిలి కోట దగ్గర జరిగింది నీకు చిన్నప్పటి నుంచీ తెలిసిన కథే. రంగారావు, తాండ్ర పాపారాయుడు, కోటలో ఆడవాళ్లు, పసిపిల్లలు, ఆ తర్వాత గుడారంలో విజయరామరాజు హత్య. బుర్రకథల్లో విని కళ్లు తుడుచుకోని తెలుగువాళ్లు తక్కువ. ఆ కన్నీళ్లను నేను కాదనను. కానీ నువ్వు రాసేటప్పుడు ఇంకో ప్రశ్న కూడా వెయ్యి: ఫ్రెంచి ఫిరంగి బొబ్బిలి దాకా ఎందుకొచ్చింది? హైదరాబాదులో ఉన్న సేన జీతం శ్రీకాకుళం సర్కారు పొలాల మీద ఆధారపడింది కాబట్టి వచ్చింది. పగ అక్కడిది, ఫిరంగి జీతానిది. అదే ఏడాది జూన్‌లో బుస్సీ విశాఖపట్నంలోని ఇంగ్లీషు వర్తక స్థావరాన్ని పట్టుకున్నాడు. అప్పటికి యుద్ధవార్త వచ్చేసింది. మన గొడవా, ఐరోపా గొడవా అక్కడ ఒకటయ్యాయి.

1758 నాటికి పొత్తులు తలకిందులైన తీరు నిదానంగా రాయి, అది చాలా లోతైన భాగం. ఏప్రిల్ చివర ఫ్రెంచి సేనాధిపతి లాలీ పాండిచ్చేరిలో దిగాడు. ఆయన దృష్టంతా మద్రాసు మీద. దక్కన్‌లో బుస్సీ ఏళ్ల తరబడి కట్టుకున్న పలుకుబడి ఆయనకు లెక్కలోకి రాలేదు. మేలో ఔరంగాబాదులో ఒకే రోజున బుస్సీ దివాను హైదర్ జంగ్, అటు షా నవాజ్ ఖాన్ ఇద్దరూ హతులయ్యారు. ఆ తర్వాత లాలీ నుంచి పిలుపు రావడంతో బుస్సీ హైదరాబాదు విడిచి వెళ్లాడు. సర్కారులలో ఆయన స్థానంలోకి కాన్‌ఫ్లాన్స్ వచ్చాడు. విజయరామరాజు తర్వాత గద్దెనెక్కిన ఆనంద గజపతి రాజు ఇదే అదనని ఫ్రెంచివాళ్ల మీద తిరగబడి, విశాఖపట్నం స్వాధీనం చేసుకుని, ఇంగ్లీషువాళ్లను పిలిచాడు. మద్రాసు వాళ్లు కుదరదన్నారు. క్లైవ్ మాత్రం బెంగాలు నుంచి సేనాని ఫోర్డ్‌ను ఓడలమీద పంపాడు. 1758 డిసెంబరులో గొల్లప్రోలు దగ్గరి చందుర్తిలో ఫ్రెంచివాళ్లు ఓడిపోయారు.

గెలిచినవాళ్లు వెంటనే బందరు మీదికి పోవద్దా? వారాలకు వారాలు ఆగిపోయారు. ఎందుకనుకున్నావు? సేన ఖర్చు భరిస్తానన్న ఆనంద గజపతి రాజు డబ్బు ఇవ్వడానికి మీనమేషాలు లెక్కపెట్టాడు. ఫోర్డ్ మార్చిలో గానీ బందరు చేరలేదు. అక్కడా జీతం అందక ఆయన సైనికులు అడ్డం తిరిగారు. ఒక పక్క సలాబత్ జంగ్ సేన దగ్గర పడుతోంది. 1759 ఏప్రిల్ 7 రాత్రి ఫోర్డ్ తెగించి కోట మీద పడి, తెల్లారేసరికి పట్టుకున్నాడు. ఫ్రెంచివాళ్లకు సాయంగా వచ్చిన నిజాం, మే 14న అదే ఇంగ్లీషువాళ్లతో ఒప్పందం రాసుకున్నాడు. బందరు ప్రాంతం వాళ్లకిచ్చి, ఫ్రెంచివాళ్లకు తన రాజ్యంలో చోటివ్వనన్నాడు. ఐరోపాలో రాజులు మిత్రులను మార్చుకుంటే చరిత్రకారులు దానికి ‘దౌత్య విప్లవం’ అని గొప్ప పేరు పెట్టారు. మన రాజులు మార్చుకుంటే నమ్మకద్రోహం అన్నారు. నీ ప్రాజెక్టులో రెండింటికీ ఒకే తూకంరాయి వాడు.

ముగింపు మాత్రం 1763 పారిస్ ఒప్పందంతో చెయ్యి. అందులో బ్రిటన్, ఫ్రాన్స్ రెండూ సలాబత్ జంగ్‌ను దక్కన్ సుబేదారుగా గుర్తించాయి. అప్పటికే తమ్ముడు నిజాం అలీ ఖాన్ ఆయన్ని దించి బీదరులో బంధించాడు. వేల మైళ్ల అవతల సంతకాలు చేసినవాళ్లకు ఇక్కడి గద్దె మీద ఎవరున్నారో కూడా పట్టలేదు. ఆ ఏడాదే సలాబత్ జంగ్ చనిపోయాడు. నిజాం అలీ ఖాన్ సమాధి మక్కా మసీదు ఆవరణలో ఉంది. నువ్వు ఎన్నోసార్లు దాని పక్కగా నడిచే ఉంటావు.

ఇక పద్ధతి గురించి కొన్ని మాటలు.

ప్రతి పొత్తుకూ ఒక వరుస గీసి మూడు గడులు నింపు: సేన ఎవరిది, జీతం ఎవరిది, ఆ జీతం ఏ ఊళ్ల నుంచి వచ్చింది. మూడో గడి ఖాళీగా ఉంటే ఆ పొత్తు నీకింకా అర్థం కానట్టే. 1753లో బుస్సీ రాయించుకున్నదే, 1800లో ఇంగ్లీషువాళ్లు రెండో ఆసఫ్ జా అయిన ఈ నిజాం అలీ ఖాన్ చేత మరింత గట్టిగా రాయించుకున్నారు. సైన్యం ఖర్చు కింద కడప, బళ్లారి, అనంతపురం ప్రాంతాలు చేతులు మారాయి. దత్త మండలాలన్న పేరు అలా వచ్చిందే. ముసారాంబాగ్‌లో సమాధి ఉన్న రేమండ్ నడిపిన ఫ్రెంచి పటాలాన్ని 1798లో రద్దు చేయించింది కూడా ఇలాంటి ఒప్పందమే. పటాలం రంగు మారింది గానీ పద్ధతి మారలేదు.

ఎవరి పుస్తకం చదువుతున్నా వాళ్లెక్కడ కూర్చుని రాశారో గుర్తుపెట్టుకో. రాబర్ట్ ఓర్మ్ ఆ రోజుల్లో మద్రాసు కౌన్సిల్ సభ్యుడు. దండు కదలికలకు ఆయన గట్టివాడు, నిజాం కొలువులో మనసుల గురించి కాదు. ఆనంద రంగ పిళ్లై పాండిచ్చేరిలో దుబాసీ, ఆయన దినచర్యలో బజారు గాలి తగులుతుంది. షా నవాజ్ ఖాన్ తానే ‘మఆసిరుల్ ఉమరా’ రాసినవాడు. దిట్టకవి నారాయణకవి ‘రంగరాయ చరిత్ర’ బొబ్బిలివాళ్ల పౌరుషం చెబుతుంది, తేదీలకు దాన్ని అడగకు.

సేనానుల పేర్లతోనే పేజీలు నింపకు. ఇబ్రహీం ఖాన్ గార్దీని తీసుకో. బుస్సీ దగ్గర పనిచేసి, నిజాం అలీ దగ్గరికి, అక్కడినుంచి మరాఠాల దగ్గరికి వెళ్లి, 1761 పానిపట్టులో వాళ్ల ఫిరంగులు నడిపి ప్రాణం పోగొట్టుకున్నాడు. ఫ్రెంచి కవాతు నేర్చిన దక్కనీ సిపాయి జీవితంలో ఈ యుద్ధమంతా కనిపిస్తుంది.

మీ నాన్న ఫోనులో, ఈ చరిత్ర చదువు ఉద్యోగానికి ఏం పనికొస్తుందని అడిగాడు. ఒప్పందం చదవడం వస్తుందని చెప్పాను. రేపు నువ్వు కలెక్టరువైనా, కంపెనీలో చేరినా, ఎన్నో కాగితాలు నీ ముందుకు వస్తాయి. సాయం చేస్తామని పై పేరాలో ఉంటుంది. ఖర్చు ఎవరిదన్నది కింది పేరాలో ఉంటుంది. ఎప్పుడైనా కింది పేరానే ముందు చదువు. సాయం తీసుకోవద్దని నేననను. సలాబత్ జంగ్‌కు ఆనాడు వేరే దారి ఉందని గట్టిగా చెప్పలేను కూడా. కానీ సాయానికి బదులు నీ రాబడి మూలమే రాసివ్వాల్సి వస్తే, అక్కడ ఆగి రెండుసార్లు ఆలోచించు.

ఇప్పుడు చెయ్యవలసింది: అధ్యాయాల వరుస మార్చు. మొదటిది చార్ మహల్, రెండోది సర్కారులు, మూడోది బందరు. ఐరోపా పొత్తులు నాలుగో అధ్యాయంలోకి పోవాలి. సెలవుల్లో బందరుకోట చూసి రా, సముద్రం ఎంత దగ్గరో, చుట్టూ నేల ఎంత బురదో చూస్తే ఫోర్డ్ ఆ రాత్రి ఏ సాహసం చేశాడో తెలుస్తుంది. తార్నాక ఆర్కైవ్స్‌కు మీ మాస్టారి చేత ఉత్తరం రాయించుకుని వెళ్లు. కొత్త నమూనా తయారుకాగానే పంపు. ఎర్ర పెన్ను తీసి పెట్టుకున్నాను, కనికరం ఆశించకు.

నాయనమ్మ నిన్ను అడిగినట్టు రాయమంది. బోనాల పండగకు తప్పకుండా రా.

ఇట్లు,
నీ తాత